చదువుట వేఱు, వ్రాయుట వేఱు

ఆత్మకూరు అను పేరు గల ఊళ్లు తెలుగునాట పెక్కు కలవు. నెల్లూరు జిల్లాలోని మా ఆత్మకూరు ఒకటి, నంద్యాల జిల్లాలోనిది వేఱొకటి, వనపర్తి జిల్లాలోనిది ఇంకొకటి. అయినను ఊరి పేరు వెంట జిల్లా పేరు సరిగా వ్రాసినంతకాలము ఉత్తరము దారి తప్పదు. ఇంటర్నెట్టులోని పేర్లును ఇట్లే అంతస్తులుగా నిలిచియున్నవి. పూర్వము, ఇంటర్నెట్టునకు మాతృకయైన ఆర్పానెట్టులోని కంప్యూటర్ల పేర్లన్నియు కాలిఫోర్నియాలోని ఎస్‌ఆర్‌ఐ సంస్థ కాపాడిన ఒకే ఒక ఫైలులో ఉండెడివి. ఆ జాబితా మోయరాని బరువై పెరుగగా, 1983లో పాల్ మాకపెట్రిస్ పేర్లపై అధికారమును శాఖోపశాఖలుగా పంచి, ఏ శాఖలోని పేర్లకు ఆ శాఖవారే ఉత్తరవాదులగునట్లు డీఎన్ఎస్ అను విధానమును రచించెను. మనము ఫోనులో ఒక పేరు కొట్టినప్పుడు, పుట తెరచుకొనుటకు ముందే, ఎక్కడనో ఒక సర్వరు ఆ పేరునకు తగిన అంకెల చిరునామాను చెప్పుచున్నది.

అట్టి సర్వర్లను చిన్న కార్యాలయములకు అమర్చుట నా వృత్తిలో ఒక భాగము. ఈ పనివలన నాలో స్థిరపడిన విశ్వాసము ఒక్కటే: పేర్లను చెప్పు ప్రోగ్రాము ఆ పేర్లకు యజమాని కారాదు. బర్క్‌లీ విశ్వవిద్యాలయములో పుట్టిన బైండ్ అను ప్రోగ్రాము 53వ పోర్టుపై ప్రశ్నలను ఆలకించును. యునిక్సు సంప్రదాయములో 1024కు లోబడిన పోర్టులను తెరచుటకు రూట్ అను సర్వాధికారి యూజరు అధికారము కావలెను గనుక, అది రూట్‌గా మేల్కొని, పోర్టు చేతికి వచ్చిన పిదప, ఆ అధికారమును విడిచి ‘నేమ్‌డ్’ అను సామాన్య యూజరుగా మాఱును. డెబియన్, ఉబుంటులలో ఆ యూజరు పేరు ‘బైండ్’. ఈ త్యాగము ఎందులకు అవసరమో 2001 మార్చిలో లోకమునకు తెలిసివచ్చినది. లయన్ అను వర్మ్, అనగా తనంతట తాను వ్యాపించు హానికర ప్రోగ్రాము, బైండ్ 8లోని లోపము గుండ లినక్సు యంత్రములలో చొరబడి, ప్రోగ్రాము రూట్‌గా నడచుచున్నచోట యంత్రమంతయు వశపఱచుకొని, పాస్‌వర్డు ఫైళ్లను సైతము బయటికి పంపినది.

మా ప్రాంతమువారికి ఈ సంగతి భూమి లెక్కల ద్వారా సులభముగా బోధపడును. కరణముల కాలములో అడంగలు వ్రాయువాడు, దానిని దాచువాడు, అడిగినవారికి చదివి చెప్పువాడు ఒక్కడే. 1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వము ఆ పదవులను రద్దు చేసెను. కరణములలో నిజాయతీపరులు ఎందఱో ఉండిరి. లోపము మనుష్యులది కాదు, మూడు పనులను ఒక్క చేతిలో పెట్టిన ఏర్పాటుది. అట్లే, పేర్ల ఫైళ్లపై బైండ్‌నకు వ్రాత హక్కు నిరాకరించుట దానిపై అనుమానముచేత కాదు. అది పరుల వశమైన వేళ అసత్యము చెప్పవచ్చును గాని, డిస్కుమీది మూలపత్రము చెడకుండినచో, ప్రోగ్రామును సరిదిద్ది మరల నడిపినంతనే సత్యము యథాస్థానమునకు వచ్చును.

కావున నేను పేర్ల పట్టికలగు జోన్ ఫైళ్లకు రూట్‌ను యజమానిగను, నేమ్‌డ్‌ను గ్రూపుగను ఉంచి, 640 అనుమతి ఇత్తును: యజమాని చదివి వ్రాయును, గ్రూపు చదువును, ఇతరులకు ప్రవేశము లేదు. అవి ఉండు డైరెక్టరీకి 750. బైండ్‌ను అదుపు చేయు ఆర్‌ఎన్‌డీసీ సాధనపు రహస్య తాళముండు కీ ఫైలు విషయములోను ఇదే కట్టుబాటు. అయితే ఈ నియమమునకు న్యాయమైన మినహాయింపులు కలవు. వేఱొక సర్వరునుండి ప్రతిని తెచ్చుకొను సెకండరీ జోన్లను, నడుచుచుండగనే మార్పులను స్వీకరించి జర్నల్ ఫైలు వ్రాసికొను డైనమిక్ జోన్లను ప్రోగ్రామే వ్రాయవలసియున్నది. వానికి ప్రత్యేకముగా ఒక డైరెక్టరీని కేటాయించి, ఆ మేరకు మాత్రమే వ్రాత హక్కు ఈయవలెను. ‘పర్మిషన్ డినైడ్’ అని లాగ్‌లో కనబడగానే విసిగి అన్నింటికిని 777 ఇచ్చువారు కలరు. అది చిక్కును విప్పుట కాదు, ఎవరికి ఏ హక్కు అను ప్రశ్ననే చెరపివేయుట.

ఇంత శ్రద్ధతో అమర్చినను, పరీక్షింపనిది అమర్చినట్లు కాదు. నేమ్‌డ్-చెక్‌కాన్ఫ్ ఆకృతీకరణ ఫైలును, నేమ్‌డ్-చెక్‌జోన్ జోన్ ఫైలును పరిశీలించును. కాని పేరు చివర చుక్క మఱచినచో జోన్ పేరు రెండుమార్లు అతుకుకొనునని, సీరియల్ సంఖ్య పెంచనిచో సెకండరీ సర్వర్లు క్రొత్త ప్రతిని కోరవని మనమే ఎఱిగి చూచుకొనవలెను. ఆ రెండు సాధనములను రూట్‌గా నడిపినచో అంతయు సవ్యముగనే తోచును, ఏలనన రూట్‌కు చదువరాని ఫైలు లేదు. అందుచేత నేమ్‌డ్ యూజరుగా మాఱి ఆ ఫైళ్లను తెరచి చూచుట అసలైన పరీక్ష. యజమాని, అనుమతి సరిగానున్నను, హోమ్ డైరెక్టరీనుండి ఎమ్‌వీ ఆజ్ఞతో తరలించిన ఫైలు, ఎస్‌ఈలినక్స్ అను రక్షణ వ్యవస్థ వేసిన పాత గుర్తునే మోసికొనివచ్చి తిరస్కృతి పొందవచ్చును. రిస్టోర్‌కాన్ అను ఆజ్ఞ ఆ గుర్తును సరిచేయును.

ఆపై డిగ్ అను సాధనముతో సర్వరును ప్రశ్నింపవలెను. సర్వరు ఉన్న యంత్రమునుండియే కాక, బయటి నెట్‌వర్కునుండియు, యూడీపీపైనను టీసీపీపైనను. ఉన్న పేరును అడిగినప్పుడు ఏఏ అను అధికార చిహ్నముతో సమాధానము రావలెను. లేని పేరును అడిగినప్పుడు ఎన్‌ఎక్స్‌డొమైన్ రావలెను. సర్వ్‌ఫెయిల్ వచ్చినచో జోన్ లోడు కాలేదేమోనని శంకింపవలెను. మనది కాని జోన్‌ను గూర్చి పరులు అడిగినప్పుడు రెఫ్యూజ్డ్ అని చెప్పుటయు మర్యాదయే, లేనియెడల మన సర్వరు అన్యులపై దాడికి పనిముట్టగును. 2011లో తెలుగులిపి .భారత్ మూల జోన్‌లో చేరినది గనుక తెలుగు పేర్లను కూడ పరీక్షింపవలెను. జోన్ ఫైలులో వానిని ప్యూనీకోడ్ అను రోమన్ అక్షరముల రూపమున వ్రాయుదురు, ఆ మార్పిడిలో ఒక్క గుణింతము తప్పినను అది వేఱొక పేరగును.

తుదకు యంత్రమును ఆపి, మరల వెలిగించి, ఇదంతయు ఇంకొకమారు అడుగుదును. ఆ తరువాత ఏ ఫైలు ఎవరిది, ఎందుకట్లు అని తెలుగులో ఒక కాగితముపై వ్రాసి ఆ కార్యాలయమువారి చేత పెట్టుదును. ప్రోగ్రామునకు విధించిన నియమము అమర్చినవానికిని వర్తించును: ఏ ఫైలును నా సొంత లాగిన్ పేరుమీద ఉండరాదు, నేను లేనినాడును ఆ పేర్లు పలుకవలెను. ఈ విద్య నేర్చుకొను మా ప్రాంతపు పిల్లలకు, సర్వరు జవాబు చెప్పుట ఒక్కటే విజయము కాదనియు, అది మార్చలేనిది ఏదో చూపగలిగిననాడే పని పూర్తియైనట్లనియు చెప్పవలెనని నా కోరిక.