పెరటి నీడన నాటు కనకాంబరం

మా మేనత్త కనకాంబరాలు కడుతుంటే చూసి తీరాలి. తడిపిన అరటినారను కాలి బొటనవేలికి తగిలించుకుని, పూల పళ్లెం ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. రెండు పూలు ఇటు, రెండు పూలు అటు, నార ఒక చుట్టు, ఒక ముడి. ముడి బిగియాలి, కాడ తెగకూడదు, రేకు నలగకూడదు. కరెంటు పోయినా ఆమె చేతులు ఆగేవి కావు. ఇరుగమ్మతో మాటల్లో పడ్డా ఒక్క ముడి తప్పేది కాదు. కట్టిన మూరలో నార ఎక్కడుందో వెతికినా కనిపించేది కాదు, అంత ఒత్తుగా కట్టేది! కిలో తూగాలంటే దాదాపు 15,000 పూలు కావాలి. అంత తేలికైన పువ్వు కనకే జడ నిండా పెట్టుకున్నా బరువనిపించదు. వాసన లేదని చిన్నచూపు చూసేవాళ్లకు ఒకటే జవాబు: మధ్యమధ్య మరువం, దవనం పెట్టి కట్టిన కదంబం ఒక్కసారి తలలో పెట్టుకుని చూడండి.

కనకం బంగారం, అంబరం వస్త్రం. దక్షిణ భారతం, శ్రీలంక ఈ మొక్కకు పుట్టిల్లు. పేరూ మనదే, పువ్వూ మనదే.

ఇది నీడ కోరే మొక్క. పొద్దుటి ఎండ తగలాలి, మిట్టమధ్యాహ్నపు ఎండ తగలకూడదు. మా మేనత్త వాటిని కొబ్బరిచెట్ల కింద పెంచింది. మట్టల సందుల్లోంచి జల్లెడ పట్టినట్టు వెలుతురు పడేది. మరీ చిక్కటి నీడలో పెడితే ఆకు నిగనిగలాడుతుంది కానీ కంకి రాదు. నేల ఎప్పుడూ చెమ్మగా ఉండాలి, నీళ్లు మాత్రం నిలవకూడదు. ఈనెలు పచ్చగా ఉండి ఆకు పాలిపోతే ఇనుము చాలలేదని అర్థం, సున్నపు నేలల్లో ఈ బాధ ఎక్కువ. వేళ్లకు బుడిపెలు కట్టాయంటే నులిపురుగు చేరినట్టే. పక్కన బంతి నాటేది అందుకే. కంకి అడుగు నుంచి పైకి పూస్తూ పోతుంది. పూత అయిపోయిన కంకిని, గింజ కావాలంటే తప్ప, కాడతో సహా తుంచేయాలి. మేనత్త రోజూ పూలు కోసే చేత్తోనే ఈ పనీ చేసేది. అందుకే ఆమె చెట్లు ఏళ్ల తరబడి పూశాయి.

గింజకు వదిలిన కంకి ఎండాక నాలుగు చినుకులు పడితే చాలు, కాయలు చిటపటా పగిలి గింజలు ఎగిరి దూరంగా పడతాయి. తొలకరి జల్లుకు ఆ చప్పుడు వినడానికి పిల్లలమంతా పెరట్లోకి పరుగెత్తేవాళ్లం.

ఇప్పుడు నర్సరీలో అడిగితే ఢిల్లీ కనకాంబరం చేతిలో పెడతారు. పువ్వు పెద్దది, రంగు ముదురు, కాదనను. అది ట్రిప్లాయిడ్ రకం, గింజ కట్టదు, కొమ్మలు నాటే పెంచాలి. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ తెచ్చిన అర్క రకాలూ ఉన్నాయి. పూలు అమ్ముకునే రైతుకు ఇవన్నీ కావలసినవే. పెరటికి మాత్రం నాటుదే రావాలంటాను. ఒక్క కంకి వీధి మొత్తానికి నారు పోస్తుంది, కొనే పని లేదు.

కడుపు మండేది ప్లాస్టిక్ మాలలు చూసినప్పుడు. చీరకు కనకాంబరం రంగని ముచ్చటపడి పేరు పెట్టుకున్న జాతి మనది! అదే రంగు పూసిన ప్లాస్టిక్ ముక్కల్ని పెళ్లికూతురి జడకు గుచ్చుతున్నాం, దేవుడి పటానికి వేస్తున్నాం. అవి వాడిపోవడం లేదని మెచ్చుకుంటున్నాం కూడా. పొద్దున పూసి, సాయంత్రం జడలో నలిగి, మర్నాడు మొక్క మొదట్లో ఎరువయ్యే పువ్వెక్కడ, ఏళ్లకేళ్లు దుమ్ము పట్టే ఆ ముక్కెక్కడ! అసలు పూలు అమ్మే చోటా నార బయటపడేంత ఎడంగా కట్టి మూర అంటున్నారు. అడిగేవాళ్లు లేక కదా ఈ పని. అమ్మలారా, అడగండి. ఒత్తుగా కట్టమని గట్టిగా అడగండి.

మేనత్త పోయాక ఆ ఇల్లు అమ్మేశారు. చివరిసారి వెళ్లినప్పుడు నాలుగు ఎండు కంకులు కాగితంలో చుట్టి తెచ్చుకున్నాను. మా మూడో అంతస్తు బాల్కనీలో, తూర్పు గోడ వారన, ఇప్పుడు ఆరు చెట్లున్నాయి. కావాలన్నవాళ్లకు కంకులిస్తాను. ఇంటికి చేరేదాకా తడవకుండా చూసుకోండి.