కొత్తబట్టలు కట్టిన నాడు

శ్రావణ బహుళ అమావాస్యనాడు మా టెక్కలి వైపునను, ఉద్దానపు ఊళ్లలోను పిల్లలు గల తల్లులు పోలాంబను కొలుతురు. పిలకలతో కూడిన కందమొక్కను తెచ్చి, పసుపు కుంకుమలు పెట్టి, పసుపుకొమ్ము కట్టిన తోరములు దానికి చుట్టి, పిల్లల పేరిట బూరెలు, గారెలు నివేదించి, పూజ ముగిసిన పిమ్మట ఆ తోరములను పిల్లలకు కట్టుదురు. మా ఇంట ఈ నోము మా అత్తగారిది. ఆమె చేతినుండి నాకు వచ్చినది. మా పిల్లలిద్దరును నా కడుపున పుట్టినవారు కారు. అమ్మాయి మూడవ యేట శిశుగృహమునుండి వచ్చినది. కొంతకాలమునకు అబ్బాయి, పాకుట నేర్చు వయస్సున వచ్చినాడు. కావున ఈ నోము నాకు చెల్లునా యని వీధిలో ఒక మాట లేచినది. "కన్నోల్ల నోమమ్మా అది" అని ఒక పెద్దామె అన్నది; ఆ మాటలో కపటము లేదు. మా అత్తగారు ఆమెతో వాదమునకు దిగలేదు. "ఇద్దరు గుంటలున్నారు, పిండి రుబ్బీసినాను, నువ్వూ వచ్చి రెండు తినీ" అని పిలిచి పీట వేసినది.

ఆ తరువాత నేను ఆలోచించి చూచితిని. శిశువు పుట్టిన వెనుక మనము జరుపు సంస్కారములలో పుట్టుక క్షణముతో ముడిపడినది జాతకర్మ యొక్కటే. పేరు పెట్టుట, ఉయ్యాలలో వేయుట, తొలిముద్ద తినిపించుట, పలకమీద అక్షరము దిద్దించుట, ఇవి యన్నియు పెంచువారి పనులే. మా అబ్బాయికి అన్నప్రాశన తలపెట్టినప్పుడు జన్మనక్షత్రము తెలియదు. పుట్టిన తేదీ సయితము వైద్యులు అంచనాగా వ్రాసినదే. పురోహితులవారు రవంతయు తడబడక, పేరులోని తొలి అక్షరమును బట్టి నామనక్షత్రము కట్టి, ముహూర్తము పెట్టి, సంకల్పములో మా గోత్రముతో వాని పేరు చెప్పినారు. శిశుగృహములో ముందే జుట్టు కత్తిరించి యుండుటచే పుట్టువెంట్రుకల మొక్కు ఎట్లని బంధువులు సందేహించిరి. రావివలసలో కప్పు లేని గుడిలో ఎండకు వెలసిన ఎండల మల్లికార్జునస్వామికి ఉన్న వెంట్రుకలే ఇచ్చి వచ్చితిమి. శాస్త్రమునకు లేని ఇబ్బందిని చుట్టములు కల్పించుకొనుట మన ఇండ్లలో కద్దు.

అమ్మాయి విషయములో మాత్రము చిక్కు శాస్త్రమునుండి గాని చుట్టములనుండి గాని రాలేదు. ఆమె భయమునుండి వచ్చినది. సంక్రాంతికి ఉద్దానము నిండును. కూలికై, కొలువుకై దూరదేశములు పోయినవారందరు పలాస స్టేషనులో మూటాముల్లెలతో దిగి, ఆటోలు ఎక్కి, కొబ్బరితోటల నడుమ ఊళ్లకు చేరుదురు. ఆ యేడు మా ఇల్లును నిండినది. భోగినాటి ఉదయము తలంటి, కుచ్చుల గౌను తొడిగి, కాటుక దిద్ది, ఫోటో తీయుదమని వెదకగా పిల్ల కనబడలేదు. వీధి గుమ్మము కడ నిలిచి యున్నది. చంకలో తన పాత గౌను, చేతిలో శిశుగృహమునుండి తెచ్చుకొన్న ప్లాస్టిక్ గిన్నె. ఏడ్చుట లేదు. "ఆటో వచ్చిందా?" అని అడిగినది.

అడిగిన తీరు చూచి నా కాళ్లు కదలలేదు. శిశుగృహములో ఆమెను మాకు అప్పగించిన దినమున జరిగినది యేమి? తలకు పోసి, కొత్తబట్టలు కట్టి, అందరును ముద్దుపెట్టుకొని, ఫోటోలు తీసి, బండి ఎక్కించినారు. తాను ఎరిగిన ఆయా, తాను ఎరిగిన మంచము, తోడి పిల్లలు, అన్నియు ఆ మధ్యాహ్నముతో పోయినవి. ఆ ప్రేమలో లోపము లేదు. కాని మూడేండ్ల బిడ్డ బుద్ధికి కొత్తబట్టలన్నను, జనమన్నను, ఫోటోలన్నను ఇల్లు మారుటకు గుర్తులై నిలిచిపోయినవి. మేము పండుగ చేయుచున్నామని అనుకొనుచుండగా, ఆమె ప్రయాణమునకు సిద్ధమైనది.

అప్పటినుండి మా ఇంట పండుగ పద్ధతి మారినది. కొత్తబట్టలు ముందుగా తెచ్చి, ఏ పండుగయు కాని దినమున తొడిగి, వానితోనే పప్పన్నము తినిపించి, మట్టిలో ఆడనిచ్చెదము. ఎవరు వచ్చెదరో, ఎన్నాళ్లుందురో, ఎవరు తిరిగి పోవుదురో, రాత్రికి తాను ఏ చాపమీద ఎవరి ప్రక్కన పడుకొనునో ముందుగా చెప్పెదము. వచ్చినవారందరు వరుసగా ఎత్తుకొని ఒకరి చేతినుండి ఒకరికి అందించు ఆచారమును మాన్పించితిని. చేతులు మారి మారి వచ్చిన బిడ్డకు అది ముద్దుగా తోచదు. దీనికి కొందరు నొచ్చుకొన్నారు. నొచ్చుకొననిమ్ము; పెద్దలు రెండు దినములలో మరచిపోవుదురు.

ఇంటికి వచ్చిన తేదీని పుట్టినరోజు కంటె ఘనముగా చేయువారిని ఎరుగుదును. మేము ఆనాడు పాయసము వండి, ఇంటివారమందరమును కూర్చుండి తిందుము. అంతకు మించి చేయము. అది మాకు పిల్ల దొరికిన దినము. ఆ పిల్లకు ఆయా దూరమైన దినము కూడ. పేరు మార్పును గూర్చియు ఒత్తిడి వచ్చినది. మూడేండ్లు ఒక పేరుకు పలికిన బిడ్డకు, చేతులలో మిగిలిన సొంత వస్తువు అదియే కదా యని, మామ్మ పేరును ముందు చేర్చి, పిలుపు పేరును ఉన్నదున్నట్లే ఉంచితిమి.

పండుగలకంటె నిత్యజీవితమే ఎక్కువ నేర్పును. మొదటి పోలాల అమావాస్య మరునాడు అమ్మాయి తలగడ క్రింద చీమల బారు కనబడినది. ఎత్తి చూడగా నలిగిన బూరెలు. మందలింపబోయిన నన్ను మా అత్తగారు ఆపి, మూత గల చిన్న స్టీలు డబ్బా యొకటి తెచ్చి, పలాస జీడిపప్పు ఫ్యాక్టరీలో పనిచేయు పొరుగామె ఇచ్చిన బద్దలు పోసి, "ఇది నీదే, అయిపోతే మల్లీ పోస్తాను" అని ఆమె చాప ప్రక్కన పెట్టినది. రాత్రి నడుమ లేచి మూత తీసి చూచుకొని పడుకొనుట చాలనాళ్లు సాగినది. క్రమముగా డబ్బా నిండుగనే ఉండసాగినది. ఒకనాడు దానిలో రంగుపెన్సిళ్లు చేరినవి.

పుట్టుక విషయము చెప్పవలెనా, దాచవలెనా యని అడుగువారికి నేను మన పురాణములనే చూపుదును. నాగేటిచాలులో సీత దొరికిన సంగతి జనకుడు సభలో విశ్వామిత్రునికి స్వయముగా చెప్పినాడు. ఆ సీతయే అనసూయ అడుగగా తన కథను సంకోచము లేక వివరించినది. శకుంతల తన జన్మవృత్తాంతమును, కణ్వుడు మరియొక మునికి చెప్పుచుండగా విని, దుష్యంతునికి చెప్పినది. ఇంట పలుమారు వినినవారే ఇంత తేటగా చెప్పగలరు. కర్ణునికి రాధ ప్రేమలో కొరత లేదు; కన్నతల్లి యెవరో యుద్ధము ముంగిట నిలిచిన వేళ తెలియుటయే అతని దురదృష్టము. మా అమ్మాయికి సీత కథ మిక్కిలి ఇష్టము. "జనకుడు ఏడ్చాడా?" అని అడిగినది. తెలియదంటిని. "మీ నాన్న ఏడ్చాడు" అని మా అత్తగారు అందుకొన్నది. అది నిజము.

మన ప్రాంతమునకు దత్తత కొత్త గాదు. బిడ్డ కొరకు దత్తత చేసికొనుట కొంత కొత్త. టెక్కలి, పలాసలు గంజాము జిల్లాలో ఉన్న కాలమున, చిన్నకిమిడి జమీందారు మరణానంతరము ఆయన భార్య చేసికొన్న దత్తత చెల్లునా యను వ్యాజ్యము లండనులోని ప్రీవీ కౌన్సిలు దాక పోయి 1876లో తీర్పు పొందినది. అందలి వాదమంతయు అధికారము గురించియు, వారసత్వము గురించియు. ఆడపిల్లను దత్తత చేసికొనుటకు 1956 నాటి చట్టము స్పష్టముగా దారి తెరచినది. దత్తహోమము తప్పనిసరి కాదన్నదియు అదియే. బాలల న్యాయచట్టము 2015లో వచ్చినది. 2022 సెప్టెంబరు నుండి ఆ చట్టము క్రింద దత్తత ఉత్తర్వు న్యాయస్థానమునకు బదులు కలెక్టరు ఇచ్చుచున్నారు. ఆ పిదప రెండేండ్లు, ఆరుమాసములకొకసారి, బిడ్డ ఎట్లున్నదో ఇంటికి వచ్చి చూచెదరు. ఈ రాకను కొందరు అవమానముగా తలంతురు. నాకది అండగా తోచినది.

ఒక మాట ఇక్కడ చెప్పక తప్పదు. మూత్రపిండముల వ్యాధి ఉద్దానమున పనిచేయు వయస్సు వారిని తీసికొనిపోవుచున్నది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను కొబ్బరిని, జీడిని కూల్చి మిగిలినవారిలో చాలమందిని వలస పంపినది. అట్టి ఇండ్లలోని పిల్లలను మేనమామలు, అమ్మమ్మలు సాకుచున్నారు. వారిని చూచి "ఎవరికైనా ఇచ్చేయరాదా" అనువారు, బిడ్డ లేని ఇంటిమీది జాలితో అనినను, తప్పు పలుకుచున్నారు. మామ్మ యొద్ద పెరుగు బిడ్డకు కావలసినది ఆ మామ్మకు చేయూత. మిషన్ వాత్సల్య పథకమున అర్హులైన పిల్లలకు నెలకు 4000 రూపాయలు ఇచ్చు ఏర్పాటు అందుకే ఉన్నది. తనదైన చెయ్యి ఏదియు మిగులని బిడ్డకే దత్తత.

వీధిలో "గుంట ఎవులి పోలికా?" అని ఇప్పటికిని అడుగుదురు. ఒకప్పుడు నేను సమాధానము వెదకుకొనుదానను. ఇప్పుడు అమ్మాయియే చెప్పును: "నవ్వు మా మామ్మది, గౌను నాది."

ఈ భోగికి తమ్మునికి భోగిపళ్లు పోయుదుము. రేగిపళ్లు, చెరకుముక్కలు, బంతిరేకులు, చిల్లర నాణెములు సిద్ధము చేయవలెను. చుట్టములు దిగకముందు, తెల్లవారగనే, ఇంటివారము మాత్రమే పోయవలెనని అమ్మాయి పట్టుబట్టినది. వానికి కొత్తచొక్కా ముందుగనే తొడిగి చూపవలెననియు, రాత్రికి వాడు ఎక్కడ పడుకొనునో వానికి తానే చెప్పెదననియు అన్నది. చొక్కా నిన్ననే తెచ్చితిమి. వాడు దానితో సాంబారు అన్నము తిన్నాడు.