పెద్దల సభ దినచర్య

మన పత్రికలలో గ్రంథవిమర్శలకు కొదువ లేదు. కావ్యములను, నాటకములను, నవలలను తూచి చూచువారు పెక్కండ్రు గలరు. కాని ప్రజల ధనముతో, ప్రజల పేర, దినదినమును పెరుగుచున్న యొక మహాగ్రంథమును చదివి దాని మంచిచెడ్డలు చెప్పువా రరుదు. అది రాజ్యసభ చర్చల నివేదిక. 1952 మే 13వ తేదీన ఆ సభ మొదట కూడినది మొదలు నేటివరకు అందు సభ్యులు పలికిన పలుకులు వ్రాయబడుచు, అచ్చగుచు వచ్చినవి. ఈ గ్రంథమునకు నాయకుడు లేడు, కథ లేదు. ఐనను ఇంటిలోని బియ్యపు ధర మొదలు ఆడుబిడ్డ పెండ్లివరకు దీనిలోనికి రాని విషయము లేదు. కావున మేము దీనినే నేడు విమర్శకు దీసికొంటిమి.

తెలుగువారు ఈ సభకు 'పెద్దల సభ' యని చక్కని పేరు పెట్టుకొనిరి. ముప్పది యేండ్లు నిండినవా రెవరైన నందు సభ్యులు కావచ్చును గనుక ఈ పెద్దరికము వయస్సును బట్టి వచ్చినది కాదు. లోక్‌సభవలె ఇది రద్దగుట లేదు. రెండేండ్ల కొకమారు సభ్యులలో మూడవవంతు దిగిపోవుదురు, క్రొత్తవారు వత్తురు. నేటి సభ్యసంఖ్య 245. అందు 12 మంది రాష్ట్రపతిచే నియమింపబడువారు. ఆంధ్రప్రదేశమునుండి 11 మంది, తెలంగాణమునుండి 7 గురు ఎన్నుకొనబడువారు. మొదటి పదియేండ్లు ఆ పీఠముపై గూర్చుండినవారు తెలుగు కుటుంబమున బుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణ పండితులు. వేదాంతము చెప్పిన నోటితోనే సభ్యులను గూర్చుండుడని మందలింపవలసివచ్చుట విధి చేసిన చిన్న పరిహాసము.

దినము పదునొకండు గంటలకు ఆరంభమగును. మొదటి పని, మంత్రులు కాగితములను సభ బల్లపై నుంచుట. ఈ ఘట్టమును చదువువాడు లేడు, వినువాడు లేడు. ఒకటి రెండు నిమిషములలో ముగియును. మాకు మాత్రము దీని యందే గౌరవ మెక్కువ. పార్లమెంటు చట్టము చేసినపుడు వివరములను నియమములుగా వ్రాసికొను నధికారమును ప్రభుత్వమునకు విడిచిపెట్టును. మన జీవితములను తాకునవి తరచుగా ఆ నియమములే. అవి ఉభయసభల బల్లలపై మొత్తము ముప్పది దినము లుండవలెను; ఆ గడువులో సభలు వానిని మార్చవచ్చును, కొట్టివేయవచ్చును. చేతిలో నింతటి కత్తెర యుండియు దానిని వాడుట మిక్కిలి యరుదు. గుమాస్తా తెచ్చిన కాగితములపై చదువకయే సంతకము పెట్టు జమీందారుల కథలు మనము వినియున్నాము.

పిమ్మట వచ్చునది 'జీరో అవర్'. ఈ పేరు సభా నియమావళిలో నెచటను లేదు; అలవాటు దానిని పుట్టించినది. సభ్యుడు ఉదయము నోటీసిచ్చి, అధ్యక్షుని యనుమతి బడసి, మూడు నిమిషములలో తన ప్రాంతపు కష్టమును చెప్పుకొనవలెను. వచనరచన నేర్చుకొనువారికి మే మీ భాగమును సిఫారసు చేయుదుము. మూడే నిమిషము లున్నవని యెరిగినవాడు విశేషణములను వదలి, ఊరి పేరు, వంతెన పేరు, చెడిపోయిన నీటి లెక్క చెప్పి కూర్చుండును. ఎరుగనివాడు అవకాశ మిచ్చినందులకు కృతజ్ఞతలు తెలుపుటలోనే ఒక నిమిషము పోగొట్టును. ఇట్టిదే 'ప్రత్యేక ప్రస్తావన'. దానికి 250 మాటలే హద్దు. మన వక్తలకు, కొందరు సంపాదకులకు గూడ, ఇట్టి హద్దు మేలుచేయును.

పండ్రెండు గంటలకు ప్రశ్నోత్తరములు. 2014వ సంవత్సరము చివరివరకు ఇవి పదునొకండు గంటలకే జరుగుచుండెడివి. సభ తెరచినతోడనే కలుగు అల్లరిలో ప్రశ్నలు కొట్టుకొనిపోవుచుండుటచే వానిని మధ్యాహ్నమునకు మార్చిరి. దినమునకు 15 ప్రశ్నలకు చుక్క గుర్తు వేసెదరు. వానికి మంత్రి లేచి నోటితో బదులు చెప్పవలెను, సభ్యులు అనుబంధ ప్రశ్నలు వేయవచ్చును. మరి 160 ప్రశ్నలకు వ్రాతమూలకముగనే ప్రత్యుత్తరములు. సభ యంతటిలో నిజమైన నాటకము ఈ చుక్క గుర్తు ప్రశ్నలలోనే గలదు. మొదటి ప్రత్యుత్తరము కచేరిలో సిద్ధమైనది. అనుబంధ ప్రశ్న వచ్చినపుడే మంత్రికి తన శాఖ యెంత తెలియునో తేలును.

కాని ప్రత్యుత్తరముల శైలినిగూర్చి మేము మెచ్చుకొని చెప్పజాలము. 'సమాచారము సేకరింపబడుచున్నది', 'ఈ విషయము రాష్ట్రప్రభుత్వముల పరిధిలోనిది', 'ప్రశ్న ఉత్పన్నము కాదు' - ఈ మూడు వాక్యములతో ఒక మంత్రి చాలదూరము నడువగలడు. నెలజీత మేమైనదని యిల్లా లడిగినపుడు యజమాని 'సమాచారము సేకరింపబడుచున్నది' యనినచో ఆ సంసార మెన్నాళ్లు సాగును? 2020 సెప్టెంబరులో అంటువ్యాధి కారణము జెప్పి ఆ సమావేశమంతయు ప్రశ్నోత్తర కాలమునే తీసివేసిరి. వ్రాతప్రశ్నలు మాత్రము మిగిలినవి. వ్యాధి నిజమే, గదిలో జనము తగ్గవలసియుండుట నిజమే. కాని బిల్లులు నడచుటకు అడ్డురాని వ్యాధి ప్రశ్నలకు మాత్రమే అడ్డువచ్చుట మాకు సమంజసముగ దోచలేదు.

మధ్యాహ్నము బిల్లులు. ద్రవ్యబిల్లులపై ఈ సభకు పదునాలుగు దినముల గడువును, సలహా చెప్పు హక్కును మాత్రమే గలవు. తక్కిన బిల్లులలో దీని మాట లోక్‌సభ మాటతో సమానము. సంస్కారప్రియులైన గృహస్థులు ఈ సభకు ఋణపడియున్న సంగతి మరువరాదు. హిందూ వివాహముల బిల్లు 1952లోను, వారసత్వపు బిల్లు 1954లోను మొదట నీ సభలోనే ప్రవేశపెట్టబడినవి. అవి 1955, 1956 సంవత్సరములలో చట్టములైనవి. అప్పుడును కొమార్తెకు పిత్రార్జితపు సమష్టియాస్తిలో పుట్టుకతో హక్కు రాలేదు. ఆ హక్కును ఆంధ్రప్రదేశము తన 1986 నాటి సవరణ చట్టముచే ముందు ఇచ్చినది. దేశమునకంతకును ఇచ్చిన 2005 నాటి సవరణయు ఈ పెద్దల సభలోనే ఆరంభమైనది.

కట్నముల చరిత్ర ఇంతకంటె ముచ్చటైనది. వరకట్న నిషేధపు బిల్లుపై ఉభయసభలకు పొత్తు కుదరక, 1961 మే నెలలో రాజ్యాంగము ననుసరించి రెండు సభలును ఒక్కచో గూడవలసివచ్చెను. అట్టి సంయుక్త సమావేశములలో బిల్లులు నెగ్గించుట నేటివరకు మూడే మారులు జరిగినది: 1961, 1978, 2002. తక్కిన రెండును బ్యాంకులనుగూర్చియు, ఉగ్రవాదమునుగూర్చియు. మొదటిది మన పెండ్లిపందిళ్ల తగవు. ఇంత చేసి పుట్టిన చట్టములో నొక వివరణ చేరినది: పెండ్లి సమయమున నిచ్చు డబ్బు, నగలు, బట్టలు మొదలగు కానుకలు, వివాహమునకు ప్రతిఫలముగా నిచ్చినవి కానిచో, కట్నము కావని. 'మే మడుగలేదమ్మా, వారే ముచ్చటపడి పెట్టుకొన్నారు' అని మగపెండ్లివారు చెప్పు మాటకు చట్టభాషలో ఇంతకంటె మంచి యనువాద ముండదు. ఆ వివరణను 1984లో తీసివేసిరి. నడుమ గడచిన ఇరువదిమూడేండ్లలో ఆ సందునుండి ఎన్ని కట్నములు నడచిపోయెనో మన పెద్దక్కలను అడిగిన జెప్పుదురు.

బిల్లు నెగ్గుట సాధారణముగ మూజువాణి యోటుతోనే. అధ్యక్షుడు అడుగును, 'ఔను', 'కాదు' అను కేకలు లేచును, ఏ కేక పెద్దదో అధ్యక్షుని చెవి నిర్ణయించును. ఎవరైన కోరినచో తలలు లెక్కింపవలెను. 2020 సెప్టెంబరు 20వ తేదీన వ్యవసాయపు బిల్లులపై లెక్క కోరితిమని ప్రతిపక్షమువారు, వారు తమ స్థానములలో లేరని అధ్యక్షస్థానము వాదించుకొనగా, కల్లోలములో బిల్లులు మూజువాణితో నెగ్గినవి. మరునాడు ఎనిమిదిమంది సభ్యులు వెలిచేయబడిరి. మరు సంవత్సరమే ఆ చట్టములు రద్దైనవి. తలలు లెక్కించుటకు పట్టు కాలము కొన్ని నిమిషములు.

తెలుగువారు తప్పక చదువవలసిన దినము మరియొకటి గలదు: 2014 ఫిబ్రవరి 20. ఆ దినమున ఆంధ్రప్రదేశ పునర్వ్యవస్థీకరణ బిల్లు ఈ సభలో నెగ్గినది. తెలంగాణమువారికి ఎన్నో యేండ్ల కోరిక ఫలించిన దినము. తక్కిన ఆంధ్రులకు కలత పుట్టిన దినము. నివేదిక పుటలనిండ 'అంతరాయములు' అను మాట. ఆ యల్లరిలోనే ప్రతిపక్షమున నున్న శ్రీ వెంకయ్యనాయుడుగారు మిగిలిన రాష్ట్రమునకు రక్షణలు కోరిరి. ప్రధానమంత్రి శ్రీ మన్‌మోహన్ సింగుగారు ఐదేండ్లు ప్రత్యేకహోదా నిత్తుమని నోటితో ప్రకటించిరి. ఆ మాటను సవరణగా బిల్లులో నేల చేర్పలేదు? చేర్చినచో బిల్లు మరల లోక్‌సభకు పోవలెను. ఆ లోక్‌సభకు మరునాడే కడపటి దినము. కాలము చాలలేదు గనుక మాటతో సరిపెట్టిరి. మాట నివేదికలో నున్నది, చట్టములో లేదు. 2016లో క్రొత్త ప్రభుత్వమువారు హోదాకు మారుగా ప్రత్యేక సహాయమును ప్రకటించిరి. హోదా మేలా కాదా యనునది వేరు తగవు. దేశప్రధాని పెద్దల సభలో నిలిచి చెప్పిన మాటకు విలువ యెంతయనునదే మా ప్రశ్న. ఇట్టి వాగ్దానములను వెంబడించుటకు సభలో నొక ప్రత్యేక సంఘము గలదు గాని, దానికి అడుగు నధికారమేగాని చెల్లించు నధికారము లేదు. నోటిమాటపై పొలము కొనిన రైతుకును, ఆనాటి ఆంధ్రులకును మాకు భేదము కనబడదు.

శుక్రవారపు మధ్యాహ్నము రెండున్నర గంటలు మంత్రులు కాని సభ్యుల బిల్లులకు. 1952 నుండి అట్టి బిల్లులు చట్టములైనవి 14 మాత్రమే, కడపటిది 1970లో. ఐనను ఈ ఘట్టము వ్యర్థము కాదు. 2015 ఏప్రిలులో శ్రీ తిరుచ్చి శివగారు తెచ్చిన హిజ్రాల హక్కుల బిల్లును ఈ సభ ఏకగ్రీవముగ నంగీకరించినది. అది లోక్‌సభ దాటలేదు గాని, 2019లో ప్రభుత్వమే వేరొక చట్టము చేయవలసివచ్చినది.

స్త్రీలకు మూడవవంతు స్థానముల బిల్లును ఈ సభ 2010లో నొకమారు, 2023 సెప్టెంబరులో 214 ఓట్లతో ఎదురు లేకుండ మరియొకమారు నెగ్గించినది. చదువరులు గమనింపవలసిన సూక్ష్మ మొకటి: ఆ నియమము లోక్‌సభకును, శాసనసభలకునుగాని పెద్దల సభకు వర్తింపదు. పొరుగింటివారికి నీతి చెప్పుటలో ఏకగ్రీవము సులభము.

ఇక అల్లరి. 2023 డిసెంబరున ఒక్క సమావేశములో 46 మంది సభ్యులు ఈ సభనుండి సస్పెండైరి. తప్పు సభ్యులదా, చర్చ కంగీకరింపని ప్రభుత్వముదా యని మేము తీర్పు చెప్పబోము. నివేదికను చదివినవారికి ఇరువురును గనబడుదురు. అధ్యక్షుడు తొలగింపుమన్న మాటలచోట చుక్కలుండును. మంచి రచయిత విడిచిన ఖాళీని చదువరి యూహతో నింపుకొనును. ఈ చుక్కలను నింపుకొనుటకు మాత్రము మన పిల్లల యెదుట సిగ్గగును.

ఈ గ్రంథమును మన యిండ్లలో చదువకుండుటకు భాష యొక కారణము. సభలో తెలుగున మాటలాడవచ్చును. 2018 నుండి రాజ్యాంగపు టెనిమిదవ షెడ్యూలులోని 22 భాషలనుండియు అప్పటికప్పుడు అనువదించు నేర్పాటు గలదు. చెవికి జరిగిన యీ యుపకారము కంటికి జరుగవలసియున్నది. మన పదునెనిమిదిమంది సభ్యులును తామడిగిన ప్రశ్నలను, వచ్చిన ప్రత్యుత్తరములను, 'సమాచారము సేకరింపబడుచున్నది' యనువానితో సహా, ప్రతి సమావేశమునకు నొక చిన్న పొత్తముగ తెలుగున అచ్చొత్తించి, జిల్లా గ్రంథాలయములకు పంపవచ్చును. ముందుగా నెవరు పంపిన, వారి పొత్తమును మేము ఈ పుటలలోనే విమర్శింతుము.