శ్రీనాథుడి టూరు: ఆఖరి పద్యం

నాసిక్ ద్రాక్షతోటల టూరుకి వెళ్లొచ్చినవాళ్ల రాతలు చదివితే ఒకటి కనిపిస్తుంది. ఊరిని నాలుకతో కొలుస్తారు. ఓ గుక్క తాగి, రుచి చెప్పి, బండెక్కేస్తారు. ఆ కాయలు కోసినవాళ్లు ఏం తిన్నారన్నది అందులోకి రాదు. తెలుగులో ఈ పని పదిహేనో శతాబ్దంలోనే చేశాడు శ్రీనాథుడు. కాకపోతే ఆయన వెళ్లింది పల్నాడు, పెట్టింది జొన్నకూడు.

ఆయన పేరు మీద తిరిగే ఆ చాటువులు మనకి బాగానే తెలుసు. ఒకదాంట్లో రాళ్లూ తేళ్లూ నాగులేటి నీళ్లూ. ఇంకోదాంట్లో, ఆ సీమకి పోతే రంభయినా దూది వడకాల్సిందే, రాజయినా అరక దున్నాల్సిందే. మరోదాంట్లో దాహమేసి శివుడితో బేరం: నీకు ఇద్దరెందుకు, గంగని ఇటు వదులు.

మాచర్ల నుంచి కారెంపూడి మీదుగా మేం నలుగురం చేసిన మూడు రోజుల ప్రయాణంలో ఇవే మా కాలక్షేపం. ఆఖరి రోజు కొండవీడు. పెదకోమటి వేమారెడ్డి దగ్గర శ్రీనాథుడు విద్యాధికారిగా ఉన్న చోటు. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు కొండవీడు కూడా పల్నాడు జిల్లాలోకే వచ్చింది. ఆ కొండ మీదే మాలో ఒకరు ఆయన చివరి రోజులదని చెప్పే చాటువు చదివారు. ఎవరం నవ్వలేదు.

అందులో కవి బొడ్డుపల్లెలో కౌలు రైతు. పంట కృష్ణ పాలయింది. నువ్వులూ పెసలూ పిట్టల పాలయ్యాయి. ఏడు వందల టంకాల బాకీ. కాళ్లకి సంకెళ్లు, భుజం మీద బండ, నెత్తిన ఎండ. పద్యం కట్టిన తీరు చూడండి. ఒక్కో శిక్ష పక్కనే ఒక్కో బిరుదు. నైషధం రాసినవాడి కాళ్లకి సంకెళ్లు, సార్వభౌముడి భుజం మీద బండ. ఇంత గొప్పవాణ్ని అని చెప్పుకోవడమే ఏడుపయింది.

దీన్ని పల్నాటి చాటువుల పక్కన పెట్టి చదివితే అవీ మారిపోతాయి. రాజయినా దున్నాలని నవ్వినవాడు తనే దున్నాడు. గంగని వదలమన్నవాడి పొలం మీదికి కృష్ణ వచ్చింది.

ఇవన్నీ ఆయనవే అనడానికి రుజువేంటి అనొచ్చు. న్యాయమైన ప్రశ్నే. చాటువులు నోటి మీద బతికాయి. కానీ నా వాదనకి అదే బలం. తమని వెక్కిరించిన పద్యాన్నీ, ఆ కవి గోడునీ రెండింటినీ దాచింది జనం నోరే. ఒకటి ఉంచి ఒకటి పారేయలేదు. ఆ పని మనం చేస్తున్నాం. రీల్స్‌కి రాళ్లూ తేళ్లూ సరిపోతాయి, సంకెళ్లు పనికిరావు.

1967లో సాగర్ నీళ్లు వదిలాక పల్నాడు మారింది. కాలవ కింద ఇప్పుడు వరి, మిరప, పత్తి. కాలవ ఎండినా, వాన ముంచినా, పంట పోయాక కౌలు ఎట్లా కట్టాలన్న ప్రశ్న మాత్రం మారలేదు. ఐదారు వందల ఏళ్ల కింద ఆ ప్రశ్నని ఒక పెద్ద కవి పేరు మీద, ఆయన బిరుదులన్నీ పక్కన పెట్టి మరీ అడిగిన పద్యం మనకుంది. శ్రీనాథుడి మీద నవ్వుకునే ముందు, శ్రీనాథుడితో నవ్వుకునే ముందు, అది కూడా చదవాలి.