లెక్క చెప్పే ఫిల్టర్

మంచి మెయిల్ ఒకటి స్పామ్ ఫోల్డర్‌లో పడితే ఎవరైనా ముందు అడిగేది 'ఎందుకు?' అనే. చాలా ఫిల్టర్ల దగ్గర దానికి జవాబు దొరకదు. స్పామ్‌అసాసిన్ దగ్గర దొరుకుతుంది. 2001లో జస్టిన్ మేసన్ పెర్ల్ భాషలో రాసి విడుదల చేసిన ఈ సాఫ్ట్‌వేర్ తర్వాత అపాచీ ప్రాజెక్టుల్లో చేరింది. సొంత మెయిల్ సర్వర్ నడుపుకునేవాళ్లు ఇప్పటికీ దీన్ని వాడుతున్నారు. నేను దీన్ని ఇంతగా అభిమానించడానికి మొదటి కారణం ఆ జవాబే.

తనిఖీ చేసిన మెయిల్ హెడర్‌లో అది తన లెక్క రాసి పెడుతుంది: వచ్చిన స్కోరు ఎంత, హద్దు ఎంత, ఏయే రూల్స్ తగిలాయి. హద్దు మనం మార్చకపోతే 5. పూర్తి రిపోర్టు అడిగితే ఏ రూల్‌కు ఎన్ని పాయింట్లు పడ్డాయో కిరాణా కొట్టు చిట్టీలా విడివిడిగా చూపిస్తుంది. తప్పు జరిగినా ఎక్కడ జరిగిందో వెతుక్కునే దారి అందులోనే ఉంటుంది.

మన సొంత రూల్స్ రాసుకోవడానికి లోకల్ డాట్ సీఎఫ్ అనే ఫైలు వేరుగా ఉంది. అప్‌డేట్లు దాన్ని ముట్టుకోవు. పైగా అసలు రూల్స్ తర్వాత చదవబడుతుంది కాబట్టి అందులో మనం రాసిందే చెల్లుతుంది. రూల్ రాసి స్కోరు ఇవ్వడం మరిచిపోతే దానంతట అదే 1 పాయింటు పడుతుంది. పేరు ముందు రెండు అండర్‌స్కోర్లు పెడితే పాయింట్లేమీ పడవు. అలాంటి రూల్స్‌ను కలిపి ఇంకో పెద్ద రూల్ కట్టుకోవచ్చు. కొత్త రూల్‌ను ముందు 0.01 పాయింటుతో వదిలి, కొన్నాళ్లు ఎవరెవరికి తగులుతోందో చూసి, అప్పుడు అసలు స్కోరు పెంచడం మంచి అడ్మిన్లు పాటించే పద్ధతి. ఆ ఓపిక చూస్తే నాకు ముచ్చటేస్తుంది.

రాసిన రూల్ తగలకపోతే ఏం చేయాలి? ముందు లింట్ నడిపి రాతలో తప్పుందేమో చూడాలి. తర్వాత ఆ మెయిల్‌నే డీబగ్ మోడ్‌లో ఫిల్టర్‌కు ఇచ్చి చూడాలి. ఇక్కడ బాగా తెలిసినవాళ్లను కూడా తిప్పలు పెట్టే సంగతి ఒకటుంది. కమాండ్‌తో పరీక్షిస్తే రూల్ చక్కగా తగులుతుంది, వచ్చే మెయిళ్ల మీద మాత్రం పనిచేయదు. కమాండ్ ప్రతిసారీ ఫైళ్లను కొత్తగా చదువుతుంది. వెనకాల నడుస్తున్న స్పామ్‌డీ మాత్రం మొదలైనప్పుడు చదివినదాంతోనే నడుస్తుంటుంది. దాన్ని రీస్టార్ట్ చేయాలి.

ఇంకో చిక్కు రూల్ దేన్ని చూస్తోందన్నది. 'బాడీ' రూల్‌కు అందేది హెచ్‌టీఎంఎల్ ట్యాగులు తీసేసి, వరసలు కలిపేసిన పాఠం. సబ్జెక్ట్ కూడా దాని మొదట్లోనే చేరి ఉంటుంది. అక్షరాల సైజు సున్నా చేసి మాటలు దాచే మోసాన్ని పట్టాలని ఆ స్టైల్ కోసం బాడీ రూల్ రాస్తే అది ఎన్నటికీ తగలదు. ఆ ట్యాగులు దాని కంటబడవు. అక్కడ కావలసింది ట్యాగులు తీయని పాఠాన్ని చూసే 'రాబాడీ'. లింకుల కోసమైతే 'యూఆర్ఐ' రూల్ ఉంది.

2010 జనవరి 1న జరిగింది ఈ పనిలో ఉన్నవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. భవిష్యత్తు తేదీ వేసుకొచ్చే మెయిళ్లను పట్టే రూల్ ఒకటి 3.2 వెర్షన్లలో ఉండేది. దాని నమూనా 20[1-9][0-9]. రాసిన నాటికి 2010 ఇంకా దూరంలో ఉంది. కొత్త సంవత్సరం రాగానే ఆ రోజు తేదీతో వచ్చిన ప్రతి మెయిల్‌కూ అది తగిలింది. సర్వర్ అమరికను బట్టి రెండు నుంచి మూడున్నర పాయింట్ల దాకా పడ్డాయి. అభివృద్ధిలో ఉన్న వెర్షన్‌లో తప్పు అప్పటికే దిద్దారు కానీ, జనం వాడుతున్న వెర్షన్‌కు ఆ దిద్దుబాటు చేరలేదు. అయినా హద్దు 5గానే ఉన్నచోట ఆ ఒక్క రూల్‌తో ఏ మెయిలూ హద్దు దాటలేదు. అప్పటికే కొన్ని పాయింట్లు మూటగట్టుకున్నవే దాటాయి. హెడర్ తెరిచిన అడ్మిన్‌కు దోషి పేరు కళ్లముందే ఉంది. లోకల్ డాట్ సీఎఫ్‌లో ఆ రూల్‌కు స్కోరు సున్నా అని ఒక్క వరస రాస్తే సరిపోయింది, ఎందుకంటే సున్నా ఇచ్చిన రూల్‌ను అసలు నడపదు. అప్‌డేట్‌లో వచ్చిన దిద్దుబాటు కూడా అంతే చిన్నది, ఆ 1 ఉన్నచోట 2.

తెలుగు మెయిళ్లకు రూల్స్ రాసేవాళ్లకు ఇంకో సంగతి తెలిసి ఉండాలి. ఈ ఫిల్టర్ పోల్చేది అక్షరాలను కాదు, బైట్లను. యూటీఎఫ్-8లో 'క', 'గ' లాంటి ఒక్కో తెలుగు అక్షరం మూడు బైట్లు. 'క' కానీ 'గ' కానీ అన్న ఉద్దేశంతో [కగ] అని రాస్తే ఆ బ్రాకెట్లలోకి చేరేవి రెండు అక్షరాలు కావు, వాటిని ముక్కలు చేసిన నాలుగు వేర్వేరు బైట్లు. వాటిలో మొదటిది ఈజీరో. ప్రతి తెలుగు అక్షరమూ దానితోనే మొదలవుతుంది. హిందీ, తమిళం, కన్నడం కూడా అంతే. అంటే ఆ రూల్ ఈ భాషల్లో రాసిన ఏ ఉత్తరానికైనా తగులుతుంది. బ్రాకెట్లు తీసేసి (క|గ) అని రాస్తే మూడేసి బైట్లూ విడిపోకుండా కలిసే ఉంటాయి, రూల్ అడిగిన అక్షరాన్నే పడుతుంది.