ముప్పై ఏళ్లు ఆగిన పాట

ఫ్రెంచ్ బ్యాండ్ మాగ్మా గురించి ఎవరు రాసినా ‘రాజీ పడని’ అనే విశేషణం వచ్చి తీరుతుంది. 1969లో పారిస్‌లో డ్రమ్మర్ క్రిస్టియాన్ వాండేర్ మొదలుపెట్టిన ఈ బృందం పాడేది ఎక్కువగా కొబాయన్‌లో. ఆ భాషను వాండేరే కల్పించాడు. ఇంట్లో దాన్ని మాట్లాడుకునే కుటుంబం భూమ్మీద ఒక్కటీ లేదు. భూమిని వదిలి కొబాయా అనే గ్రహానికి చేరిన మనుషుల కథతో 1970లో వాళ్ల తొలి ఆల్బమ్ వచ్చింది. గిటార్ మోత కోసమో, ప్రేమపాట కోసమో వచ్చిన రాక్ శ్రోతకు ఇక్కడ దొరికేది బృందగానం, మళ్లీ మళ్లీ వచ్చి ప్రతిసారీ కాస్త బిగిసే వరస, దాని కింద ఊపిరి తీసుకోనివ్వని డ్రమ్స్. దాంతో రాజీ పడకపోవడమంటే వినేవాడికి అర్థం కాకుండా చేయడమేనన్న అపోహ స్థిరపడింది. 2022లో వచ్చిన ‘కార్టెల్’ ఆల్బమ్ వింటే నాకు అలా అనిపించలేదు. మాగ్మా మొండితనం భాషలో కన్నా కాలం విషయంలో ఎక్కువ.

‘కె.ఎ’ అనే రచన 1970ల తొలి సంవత్సరాల నాటిది. ఆల్బమ్‌గా బయటికొచ్చింది 2004లో. ‘జెస్’ కూడా 1970ల చివరి నుంచే కచేరీల్లో వినిపిస్తూ, చివరికి ప్రాగ్ నగరపు ఆర్కెస్ట్రాతో కలిసి 2019లో స్టూడియో రూపం అందుకుంది. ‘కార్టెల్’లోనూ పాత సరుకు ఉంది: 1978 నాటి డెమోలను ఆల్బమ్ చివర జతచేశారు. కొత్త రికార్డింగ్ పక్కన వాటిని పెట్టి వింటే వరస చాలావరకు అదే. మారింది దాన్ని మోసే గొంతుల బరువు. విడుదల తేదీ ముందు ఖాయమై, ఆ తేదీకి పాట తయారయ్యే లోకంలో ఇది వింత పద్ధతే. మన సినిమా పాటలు అలాగే పుడతాయి, వాటిలో గొప్పవీ ఉన్నాయి కాబట్టి తొందర పాపమేమీ కాదు. కానీ ఇంకా పండలేదనిపించిన రచనను దశాబ్దాల పాటు దగ్గరే పెట్టుకోగలగడం వేరే రకం సాధన. అవాంట్‌గార్డ్ అనగానే మనకు గుర్తొచ్చే తిరుగుబాటుకీ దీనికీ పోలిక తక్కువ.

భాష తెలియకపోతే పాటలో ఏం మిగులుతుంది? అడగాల్సిన ప్రశ్నే. 1940లలో రాజా అన్నామలై చెట్టియార్ అండతో సాగిన తమిళిసై ఉద్యమం ఇదే అడిగింది: తమిళ శ్రోతల ముందు పాడే ఇన్ని తెలుగు కీర్తనలు ఎంతమందికి అర్థమవుతున్నాయని. న్యాయమైన మాట. దానివల్ల తమిళ పాటకు కచేరీలో చోటు పెరిగింది. అయినా త్యాగరాజు వేదిక దిగిపోలేదు. తెలుగు ముక్క రాని రసికుడు ఆయన కృతిలో సంగతి మీద సంగతి విచ్చుకోవడం విని తలూపుతూనే ఉన్నాడు. త్యాగరాజు మాటకు అర్థం ఉంది, అది తెలిసినవాళ్లూ కోట్లలో ఉన్నారు, కొబాయన్‌కు ఎవరున్నారని నిలదీయవచ్చు. ఒప్పుకుంటాను. సాహిత్యంగా రెంటికీ పోటీ పెట్టడం హాస్యాస్పదం. అయితే మన తిల్లానాలో సింహభాగం జతులే కదా, వాటికి నిఘంటువు కావాలని ఎవరూ అడగలేదు. అక్షరంతో తాళాన్ని కొట్టించడం, గొంతును వాద్యంగా మార్చడం కొబాయన్ చేసే పని.

యూఏఈలోని అజ్మాన్‌లో బతికే తెలుగువాళ్లకు ఈ రకం వినికిడి కొత్తేమీ కాదు. ఇక్కడి పెళ్లిళ్లలో, జాతీయ ఉత్సవాల్లో అల్ అయాలా ఆడతారు: ఎదురెదురుగా రెండు వరసల మగవాళ్లు, చేతుల్లో సన్నని వెదురు కర్రలు, డప్పుల దరువు మీద అరబ్బీ కవిత్వం. 2014లో యునెస్కో దాన్ని వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ కవిత్వంలో ఒక్క పదం తెలియకపోయినా వరస ఎప్పుడు ముందుకు వంగుతుందో, దరువు ఎక్కడ బరువెక్కుతుందో కాసేపు నిలబడి చూసిన మేస్త్రీకైనా డ్రైవర్‌కైనా అందుతుంది. మాగ్మా ఆశించే శ్రద్ధ ఇంతకన్నా పెద్దదేం కాదు, కాకపోతే ఎక్కువసేపు కావాలి.

ఇంతకన్నా బరువైన అభ్యంతరం మరొకటుంది. రాజీ పడకపోవడం కడుపు నిండినవాళ్ల విలాసమని. కంపెనీ వీసా మీద, నలుగురు సర్దుకునే గదిలో ఉంటూ నెలనెలా ఇంటికి డబ్బు పంపేవాడికి కళాకారుడి పట్టుదల గురించి ఉపన్యాసం ఇవ్వడం నాకూ ఇష్టం లేదు. అతని సర్దుబాటు కన్నా వాండేర్ పంతం గొప్పదని నేననను. కానీ మాగ్మా దగ్గర ఈ పంతం ఉచితంగా వచ్చింది కాదు, పైగా అది ఎప్పుడూ చెక్కుచెదరకుండా ఉండిందీ కాదు. 1984 నాటి ‘మెర్సీ’ తీసుకోండి. అందులో ఇంగ్లీషు పాటలు చేరాయి, సోల్, ఫంక్ వాసన వచ్చింది, కోపం మెత్తబడింది. రాజీ అంటే అదే. ఆ తర్వాత మాగ్మా పేరుతో కొత్త స్టూడియో ఆల్బమ్ రావడానికి ఇరవై ఏళ్లు పట్టింది. 1996లో బృందం మళ్లీ కూడింది. పెద్ద కంపెనీల గడప తొక్కకుండా సెవెంత్ రికార్డ్స్ అనే సొంత లేబుల్ మీదే ఆల్బమ్‌లు తెచ్చుకుంది. సభ్యులు వస్తూ పోతూ ఉన్నా భార్యాభర్తలుగా మొదలైన గాయని స్టెల్లా, క్రిస్టియాన్ వాండేర్‌ల జోడీ మాత్రం సంగీతంలో నిలిచింది.

మరి ‘కార్టెల్’లో ఇతర సభ్యుల రచనలకు కూడా చోటిచ్చాడు వాండేర్. పట్టు సడలిందా? నాకు అలా అనిపించదు. ఇంతకాలం ఎక్కువగా ఒక్కరి కలంగా ఉన్న శైలిలో ఇంకొకరు రాసినా అది మాగ్మాలాగే వినిపిస్తోందంటే, అది ఒక మనిషి అహం స్థాయి దాటి నేర్చుకోదగ్గ పద్ధతిగా మారిందన్నమాట. లోపం ఇంకోచోట ఉంది. ఇందులో పాటలు విడివిడిగా, పొట్టిగా ఉన్నాయి. మాగ్మా బలమంతా ఒకే రచన అరగంట పైగా మెట్టు మెట్టుగా ఎక్కడంలో ఉంది, ఆ ఎక్కడం ఇక్కడ లేదు. కొత్తగా వినేవాళ్లు దీనితో మొదలుపెడితే ఇంత హంగామా దేనికని అనుకునే ప్రమాదం ఉంది. 1973 నాటి ‘మెకానిక్ డిస్ట్రుక్టివ్ కొమ్మాండో’ను మధ్యలో ఆపకుండా చివరిదాకా వినండి, ఆ తర్వాత ‘కె.ఎ’. అప్పుడు ‘కార్టెల్’కు వస్తే అందులోని తేలికదనం కూడా ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తుంది.