లెఫ్ట్ ట్యాకిల్ తొలి ఏడాది

2020 అమెరికన్ ఫుట్‌బాల్ సీజన్‌లో న్యూయార్క్ జెయింట్స్ అభిమానులు ఇద్దరు కలిస్తే వచ్చే ప్రశ్న ఒకటే: కొత్త ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో నాలుగో ఎంపికను ఆండ్రూ థామస్ మీద ఎందుకు తగలేశారు? ఆ ఏడాది ట్యాకిల్ స్థానానికి పేరుమోసిన కుర్రాళ్లు నలుగురు వచ్చారు. వాళ్లలో అందరికంటే ముందు థామస్‌ను జెయింట్స్ తీసుకుంది. పదో ఎంపికగా జెడ్రిక్ విల్స్ క్లీవ్‌లాండ్‌కు, పదకొండుగా మెకై బెక్టన్ జెట్స్‌కు, పదమూడుగా ట్రిస్టన్ వర్ఫ్స్ టాంపా బేకు వెళ్లారు. 165 కిలోల బెక్టన్ ఎదుటివాళ్లను నేలకరిపిస్తుంటే జెట్స్ అభిమానులు మురిసిపోయారు. వర్ఫ్స్ తొలి ఏడాదే లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ గెలిచిన జట్టులో ఉన్నాడు. థామస్ మాత్రం వారం వారం ఎవరో ఒకరి చేతిలో ఓడిపోతూ కనిపించాడు. నలుగురిలో అధ్వానం ఇతనేనని చాలామంది తేల్చేశారు.

ఆ తీర్పు తొందరపాటుది. థామస్ ఆ ఏడాది బాగా ఆడలేదన్నది నిజమే, దాన్ని దాచాల్సిన పని లేదు. కానీ లైన్‌మన్ తొలి ఏడాదిని దేనితో కొలవాలో తెలియకుండానే ఆ వాదనంతా నడిచింది.

బంతి ఉన్న జట్టు ముందు వరుసే అఫెన్సివ్ లైన్. అందులో ఐదుగురుంటారు. మధ్యలో సెంటర్, అతనికి అటూ ఇటూ గార్డులు, రెండు చివర్లలో ట్యాకిళ్లు. మామూలుగా పాస్ అందుకునే అర్హత వీళ్లకు ఉండదు. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌ను అతను విసరకముందే పడగొడితే దాన్ని శాక్ అంటారు. 1982 నుంచి లీగ్ దాన్ని పడగొట్టినవాడి ఖాతాలో అధికారికంగా రాస్తోంది. అలా పడగొట్టడానికి వచ్చేవాణ్ని మ్యాచ్ అంతా ఆపిన ట్యాకిల్‌కు రాయడానికి మాత్రం గడే లేదు. టెస్టులో రోజంతా వికెట్ల వెనక నిలబడిన కీపర్ గురించి, జారిన ఒక్క క్యాచ్ దగ్గరే మాట్లాడుకున్నట్టు ఉంటుంది ఇది. వీడియో చూసి మార్కులు వేసే సంస్థలున్నాయి, వాటి పని ఉపయోగమే. అయితే ఆ క్షణంలో ఎవరు ఎవరిని ఆపాలని కోచ్ చెప్పాడో బయటివాళ్లకు పూర్తిగా తెలియదు.

కాబట్టి చూడాల్సింది పాదాలు, చేతులు. కుడిచేతి వాటం క్వార్టర్‌బ్యాక్ విసరడానికి తిరిగితే అతని వీపు లెఫ్ట్ ట్యాకిల్ వైపు ఉంటుంది. అటునుంచి వచ్చేవాడు అతనికి కనపడడు. ఎదురుగా ఉన్న డిఫెండర్ ముందుకు పరిగెత్తుతాడు, ట్యాకిల్ వెనక్కి వెళ్తూ అతన్ని ఆపాలి. బంతి కదలగానే ఎడమ పాదం వెనక్కి తన్నుతుంది, కుడి పాదం నేలను వదలకుండా దాని వెంటే జారుతుంది. దీన్నే కిక్ స్లైడ్ అంటారు. పాదాలు ఒకదాన్నొకటి దాటకూడదు, దగ్గరికీ రాకూడదు. నడుము కిందికి దిగి ఉండాలి, తల ముందుకు వాలకూడదు. తల వాలిందంటే బరువంతా కాలివేళ్ల మీదికి వస్తుంది. అప్పుడు డిఫెండర్ చేతిని ఒక్క తోపు తోసి పక్కనుంచి వెళ్లిపోతాడు.

తర్వాత చేతులు. 1978లో నిబంధన మారి, పాస్ సమయంలో బ్లాకర్లు చేతులు చాచి అరచేతులు తెరిచి ఆపుకునే వీలు వచ్చింది. నేటి బ్లాకింగ్ విద్య పెరిగింది ఆ మార్పు మీదే. బొటనవేళ్లు పైకి, మోచేతులు పక్కటెముకల దగ్గర, గుద్దు తగలాల్సింది ఎదుటివాడి రొమ్ము మీద. అర క్షణం ముందు చేతులు చాచితే వాడు వాటిని కొట్టి పక్కకు తప్పుకుంటాడు. అర క్షణం ఆలస్యమైతే వాడి చేతులే మన రొమ్ము మీదికి వచ్చేస్తాయి. భుజాల బయట పట్టుకుని లాగితే హోల్డింగ్, పది గజాల శిక్ష. ఇవన్నీ సరిగ్గా చేసినా డిఫెండర్ నేరుగా మీద పడి తోయవచ్చు. అప్పుడు తుంటి ఇంకా దింపి మడమలు నాటుకోవాలి. బయటివైపు భయంతో మరీ దూరం జరిగితే లోపలివైపు తలుపు తెరిచినట్టే, క్వార్టర్‌బ్యాక్‌కు అదే దగ్గరి దారి. ఈ తతంగమంతా రెండున్నర, మూడు సెకన్లలో అయిపోవాలి.

36 అంగుళాలు దాటిన చేతులతో వచ్చిన థామస్‌కు శరీరంలో లోటేమీ లేదు. కాలేజీలో ఆ చేతుల పొడవే చాలా పొరపాట్లను కప్పేస్తుంది. లీగ్‌లో ఎదుటివాళ్లు పదేళ్ల అనుభవమున్న జిత్తులమారులు. పైగా ఆ ఏడాది కోవిడ్ వల్ల ప్రీసీజన్ మ్యాచ్‌లే జరగలేదు, వేసవి పాఠాలు తెర మీదే నడిచాయి. పాదాల పని తెర మీద ఎలా వస్తుంది? సీజన్ నడుమ లైన్ కోచ్‌ను తీసేశారు. థామస్ పక్కన గార్డ్‌గా మరో రూకీ, అంటే తొలి ఏడాది ఆటగాడే, వచ్చాడు. ఇద్దరు డిఫెండర్లు ఒకరి దారిలోకి ఒకరు అడ్డంగా వచ్చినప్పుడు గార్డ్, ట్యాకిల్ మాట అనుకోకుండానే మనుషుల్ని మార్చుకోవాలి. అది కలిసి ఆడితేనే వస్తుంది. అక్కడ తప్పు ఎవరిదైనా, తెర మీద ఓడినట్టు కనపడేది చివర ఉన్నవాడే.

2021 జనవరిలో థామస్ చీలమండకు శస్త్రచికిత్స చేయించుకున్నాడు. 2022లో వర్ఫ్స్‌తో పాటు, ఆ ఏడాది మేటి ఆటగాళ్ల ఎంపిక అయిన ఆల్ ప్రో రెండో జట్టులో చోటు సంపాదించాడు. 2023లో జెయింట్స్ ఐదేళ్లకు 11.75 కోట్ల డాలర్ల ఒప్పందం రాసిచ్చింది. అందరినీ మురిపించిన బెక్టన్ 2021 తొలి మ్యాచ్‌లోనే మోకాలు దెబ్బతీసుకున్నాడు, 2022 మొత్తం ఆడలేదు. తర్వాత ఫిలడెల్ఫియాకు వెళ్లి గార్డ్‌గా మారి, 2025 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ గెలిచాడు. విల్స్‌ను 2024 సీజన్ తర్వాత క్లీవ్‌లాండ్ అట్టిపెట్టుకోలేదు. తొలి ఏడాది అంచనా నికరంగా నిలిచింది వర్ఫ్స్ ఒక్కడి విషయంలోనే. థామస్ కథ కూడా పూర్తిగా సుఖాంతం కాదు, 2024లో పాదం గాయంతో ఆరు మ్యాచ్‌లకే అతని సీజన్ ముగిసింది. అయినా అతను పనికిరాడన్న మాట ఇప్పుడెవరూ అనరు.

జెయింట్స్ సొంత మైదానం న్యూజెర్సీలోని ఈస్ట్ రదర్‌ఫర్డ్‌లో ఉంది. ఎడిసన్ చుట్టుపక్కల ఉన్న మన తెలుగువాళ్ల పిల్లలు ఈ ఆట చూస్తూ పెరుగుతున్నారు. వాళ్లతో కూర్చున్నప్పుడు ఒక్క డ్రైవ్ పాటు, అంటే జట్టు చేతిలో బంతి ఒకసారి ఉన్నంతసేపు, బంతిని వదిలేసి చివరనున్న కొత్త ట్యాకిల్ పాదాలను చూడండి. సెప్టెంబరులో చూసిందాన్ని డిసెంబరులో చూసిందానితో పోల్చండి. అతని గురించి వాదన ఆ తర్వాత పెట్టుకోండి.